తీగ తెగలేదు, దారి మూసుకుంది

2005 అక్టోబర్ 5న అమెరికాలో లెవల్ 3, కోజెంట్ అనే రెండు పెద్ద నెట్‌వర్క్‌ల మధ్య రాకపోకలు ఆగిపోయాయి. ఎక్కడా కేబుల్ తెగలేదు, రూటర్ కాలిపోలేదు. లెవల్ 3 కావాలనే లింకు తీసేసింది. ఒక్క కోజెంట్‌నే నమ్ముకున్నవాళ్లకు, ఒక్క లెవల్ 3 మీదే ఉన్న సైట్లు తెరుచుకోలేదు. మిగతా ఇంటర్నెట్ మామూలుగానే నడిచింది.

ఈ తగువుకు విత్తనం పదేళ్ల ముందే పడింది. అమెరికా ప్రభుత్వ సొమ్ముతో నడిచిన ఎన్ఎస్ఎఫ్‌నెట్ బ్యాక్‌బోన్ (దేశమంతటా ట్రాఫిక్ మోసే వెన్నెముక నెట్‌వర్క్) 1995 ఏప్రిల్ 30న మూతపడింది. ఆ బరువు ప్రైవేటు కంపెనీల మీద పడింది. ఉజ్జీలైన ఇద్దరు ఒకరి ట్రాఫిక్ ఒకరు ఉచితంగా తీసుకుంటే పీరింగ్. చిన్నవాడు పెద్దవాడికి డబ్బు కట్టి అన్ని చోట్లకూ దారి కొనుక్కుంటే ట్రాన్సిట్. మరి ఉజ్జీ అని తేల్చేదెలా? వచ్చే ట్రాఫిక్, పోయే ట్రాఫిక్ దగ్గరదగ్గరగా ఉండాలన్నారు. సైట్లను హోస్ట్ చేసే నెట్‌వర్క్‌ల నుంచి బయటికి పోయేదే ఎక్కువ కావడంతో ఆ లెక్క చెడింది. మోసేవాడు ‘బరువు నాది, లాభం నీది’ అంటాడు. పంపేవాడు ‘అడిగింది నీ కస్టమరే కదా’ అంటాడు. నాకైతే రెండో మాటలోనే పస కనిపిస్తుంది.

మూడో నెట్‌వర్క్ మీదుగా చుట్టు తిరిగి పోవచ్చు కదా? నెట్‌వర్క్‌లు తమ దారులను ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతైన బీజీపీ రూటింగ్‌లో అందుకు అడ్డేమీ లేదు. కానీ ఆ మూడోవాడికి ఇద్దరూ పీర్లే. పైసా రాని ట్రాఫిక్‌ను మోయడం ఇష్టంలేక ఆ దారిని అసలు ప్రకటించడు. ట్రాన్సిట్ కొనుక్కుంటే ఓటమి ఒప్పుకున్నట్టేనని గొడవపడే ఇద్దరూ బిగదీసుకుంటారు.

ఆ లింకు రెండు రోజులకు తాత్కాలికంగా తిరిగొచ్చింది, నెలాఖరుకు రాజీ కుదిరింది. 2008లో కోజెంట్‌కే మార్చిలో టెలియాతో, అక్టోబర్ చివర స్ప్రింట్‌తో ఇదే కథ నడిచింది. 2009లో హరికేన్ ఎలక్ట్రిక్ అనే నెట్‌వర్క్ అయితే ఐపీవీ6 (ఇంటర్నెట్ అడ్రసుల కొత్త పద్ధతి) పీరింగ్ ఇవ్వమని కోజెంట్‌ను వేడుకుంటూ ఏకంగా కేకు చేయించింది. పని మాత్రం కాలేదు.

ఇన్ని గొడవల్లోనూ పెద్దగా ఇబ్బంది పడనిది ఇద్దరు ప్రొవైడర్ల దగ్గర లైన్లు తీసుకున్నవాళ్లే. సొంత ఏఎస్ నంబరు (బీజీపీలో ఒక నెట్‌వర్క్‌ను గుర్తించే సంఖ్య), సొంత ఐపీ అడ్రసులు ఉంటే ఒక దారి మూసుకున్నా బీజీపీ రెండో దారి పట్టిస్తుంది. అయితే రెండు బిల్లులు కట్టినంత మాత్రాన రెండు దారులున్నట్టు కాదు. 2001 జులైలో బాల్టిమోర్ రైలు సొరంగంలో మంటలు రేగినప్పుడు, అందులోంచి పోయే వేర్వేరు కంపెనీల ఫైబర్లు కలిసే కాలాయి. అందుకే అనుభవమున్న ఇంజినీర్లు లైను ఏ దారిన వస్తుందో మ్యాపు అడుగుతారు, అప్పుడప్పుడు మెయిన్ లైనును తామే ఆపి చూస్తారు. రెండు లైన్లూ డెబ్బై శాతం నిండి ఉంటే ఒకటి పడిన రోజు రెండోది కూడా ఊపిరాడక కూలబడుతుంది.