సైడ్ కండిషన్లు కలిపేటప్పుడు ఏది ముందు? ఈ గొడవ ఎక్కడ మొదలైందంటే

కె ఫ్రేమ్‌వర్క్ అంటే ఒక ప్రోగ్రామింగ్ భాష ఎలా నడవాలో రీరైటింగ్ రూల్స్‌గా (ఈ రూపం కనిపిస్తే ఆ రూపంగా మార్చు అని చెప్పేవి) రాసే టూల్. ఒక రూల్ వర్తించాలంటే నిజం కావాల్సిన షరతులే సైడ్ కండిషన్లు. దాని కంపైలర్‌లో ఈ కండిషన్లని కలిపే చిన్న జావా మెథడ్ మీద మళ్ళీ వాదన లేచింది. రెండు టర్మ్‌లు (కండిషన్ ముక్కలు) తీసుకుని, రెండూ నిజం కావాలనే ఒక అండ్ టర్మ్ తిరిగిస్తుంది, అంతే దాని పని. కండిషన్లన్నీ ఒక హాష్‌సెట్‌లో (వరస పట్టించుకోని జావా సెట్) పడేసి డూప్లికేట్లు తీసేసి ఎలా వస్తే అలా కలిపేద్దాం, అండ్‌ని అటూ ఇటూ తిప్పినా ఒకటే కదా అంటోంది ఒక వర్గం. లాజిక్ వరకూ చూస్తే కరెక్టే, కానీ ఇక్కడ వరస కూడా ముఖ్యమే.

నన్నడిగితే కథ మలుపు తిరిగింది ఒక్కచోటే, యూజర్ రాసిన రిక్వైర్స్ క్లాజ్‌కి (రూల్‌లో కండిషన్లు రాసే భాగం) కంపైలర్ కూడా తన కండిషన్లు చేర్చడం మొదలుపెట్టిన దగ్గర. ఎక్స్ అనే వేరియబుల్ పక్కన ఇంట్ అని రాస్తే అది లోపల "ఎక్స్ ఇంటేనా" అనే చెక్‌గా మారి రిక్వైర్స్‌కి వచ్చి అతుక్కునేది. పాత బ్యాకెండ్ల (రూల్స్‌ని నిజంగా నడిపే ఇంజిన్లు) కోసం మ్యాప్‌లో కీ వెతికే పని, అంటే లుకప్, కూడా ఇలాగే కండిషన్‌గా మారేది, అసలు చిక్కంతా ఇక్కడే ఉంది, ఎందుకంటే ఆ వెతుకులాటలోనే వి అనే వేరియబుల్‌కి విలువ దొరుకుతుంది, యూజరేమో "వి సున్నా కన్నా ఎక్కువ" అని రాసుంటాడు. వెతకడం వెనక్కి పోయిందనుకోండి, ఇంకా విలువే లేని వి ని పోల్చమని అడిగినట్టే కదా! అందుకే లుకప్‌లు రిక్వైర్స్‌కి ముందు ఉండాలి.

ఇంకోటి, ఇది జావాలో రెండు ఆంపర్‌సండ్‌లు పెట్టి రాసే షార్ట్ సర్క్యూట్ (ఎడమవైపు అబద్ధమైతే కుడివైపు చూడకుండానే ఆగిపోవడం) లాంటిది కాదు. ఇక్కడ జావా కండిషన్‌ని రన్ చెయ్యట్లేదు, కండిషన్ చెట్టు కడుతోందంతే. ఆ చెట్టుని తర్వాత బ్యాకెండ్ ఎలా నడుపుతుందనేది వేరే విషయం. కె డాక్యుమెంటేషన్‌లోనే స్పష్టంగా ఉంది, కె లోని రెండు అండ్‌లలో ఆండ్‌దెన్‌బూల్‌కి షార్ట్ సర్క్యూట్ ఖాయం, ఆండ్‌బూల్‌కైతే కాంక్రీట్ బ్యాకెండ్‌లో (నిజమైన విలువలతో నడిపేది) ఉండొచ్చు గానీ సింబాలిక్ బ్యాకెండ్‌లో (విలువ తెలియని వేరియబుల్స్‌తోనూ నడిపేది) రెండు వైపులా ఇవాల్యుయేట్ అవుతాయి. "వై సున్నా కాదు, పదిని వై తో భాగిస్తే రెండు కన్నా ఎక్కువ" అని ఎవరైనా ఆండ్‌దెన్‌బూల్‌తో జాగ్రత్తగా రాస్తే, దాన్ని విడగొట్టి సెట్‌లో వేసి మళ్ళీ ఆండ్‌బూల్‌తో కుట్టేస్తే ఆ జాగ్రత్తంతా గాల్లో కలిసిపోతుంది.

2014లో జావా 8 వచ్చాక స్ట్రీమ్ మీద రెడ్యూస్ పెట్టి (ఒక్కోటి తీసుకుంటూ అన్నిటినీ ఒకటిగా కలిపే పద్ధతి) కండిషన్లని ఒక్క లైన్లో కలిపెయ్యడం తేలికైంది, స్ట్రీమ్ లిస్ట్ నుంచి వస్తే వరస చెదరదు కూడా. హాష్‌సెట్ నుంచి వస్తే మాత్రం ఆ హామీ లేదు. డూప్లికేట్లే బాధైతే లింక్డ్‌హాష్‌సెట్ చాలు, మొదట వచ్చింది మొదటే ఉంటుంది, ఒకవైపు ట్రూ ఉంటే దాన్ని తీసేసి రెండోదాన్నే తిరిగివ్వడంలోనూ నష్టం లేదు. యూజర్ ఆండ్‌దెన్‌బూల్‌తో రాసిన ముక్కని మాత్రం విప్పకుండా ఒకే టర్మ్‌గా ఉంచెయ్యాలి.