బూడిద దిబ్బను ఎలా చదవాలి?

ఎం.ఏ. ఆర్కియాలజీలో చేరిన ఒక పాఠకుడు అడిగాడు: "తవ్వితే దొరికింది దొరికినట్టు రాస్తే సరిపోదా? మళ్లీ థియరీ పేపర్ ఎందుకండీ?" నిర్వచనాలు పుస్తకాల్లో ఉంటాయి, వాటి జోలికి పోను. బూడిద దిబ్బల సంగతి చెబుతాను.

బళ్లారి, రాయచూరు ప్రాంతాల్లో, ఇటు అనంతపురం, పాత మహబూబ్‌నగర్ జిల్లాల్లో కొత్తరాతియుగం నాటి బూడిద దిబ్బలున్నాయి. వాటిలో గాజులా కరిగి గట్టిపడిన, బుడగలు బుడగలుగా ఉన్న రాళ్లు దొరుకుతాయి. అగ్నిపర్వతం పనేనని కొందరు, లోహం కరిగించిన చిట్టెమని ఇంకొందరు అనుకున్నారు. రాక్షసుణ్ణి కాల్చిన చోటని ఊళ్లలో చెప్పుకున్నారు. ఆ కథను నేను తీసిపారేయను. అది పెద్ద మంట మిగిల్చిన బూడిదేనని వాళ్లు సరిగ్గానే పట్టుకున్నారు.

అసలు ముడిసరుకు పేడ. పేడ గాజెలా అవుతుంది? గడ్డి నేలలోంచి నీటితో పాటు సిలికాను, అంటే ఇసుకలో ఉండే పదార్థాన్ని, పీల్చుకుంటుంది. అది కణాల్లో గట్టిపడి, కంటికి కనపడని ఫైటోలిత్‌లవుతుంది. వరి ఆకు గీసుకుంటే చురుక్కుమనడంలో ఈ సిలికా పాత్ర ఉంది. ఆవు పొట్ట దాన్ని అరిగించుకోలేదు, పేడలో బయటికొచ్చేస్తుంది. పేడ కాలితే సిలికా, పొటాషియం లాంటి లవణాలు మిగులుతాయి. శుద్ధ సిలికా కరగాలంటే దాదాపు 1,700 డిగ్రీలు కావాలి. ఈ లవణాలు కలిస్తే చాలా తక్కువ వేడికే కరుగుతుంది. పొయ్యిలో పిడక పొడి బూడిదే అవుతుంది. పెద్ద కుప్ప అంటుకుంటే వేడి లోపలే చిక్కుకుంటుంది. సిలికా కరిగి, వాయువులు బుడగలై, చల్లారాక అచ్చం చిట్టెంలా కనిపిస్తుంది. 1960లో శాస్త్రవేత్త జాయ్‌నర్ పరిశీలనలు ఈ సంగతిని బలపరిచాయి.

ఇక్కడిదాకా కెమిస్ట్రీ. మరి అంత పేడ ఎందుకు కాల్చారు? థియరీ లేకుండా ఈ ప్రశ్న ముందుకు సాగదు.

1957లో పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వితే, కంచె గుంజలు పాతిన గుంతలు, బురదలో పశువుల గిట్టల అచ్చులు బయటపడ్డాయి. వేల ఏళ్ల కిందట ఒక ఆవు అడుగేసిన చోటు! ఇవి పశువుల దొడ్లని, ఏడాదిలో ఒక ప్రత్యేక సమయంలో నిప్పు పెట్టి ఉంటారని ఆయన వాదించారు. మన సంక్రాంతి, హోలీ మంటలు ఆయనకు గుర్తొచ్చాయి. భోగి మంటలో పిడకల దండ వేసిన మనకు ఆ పోలిక ఇట్టే నచ్చుతుంది. అందుకే జాగ్రత్తగా ఉండాలి. నచ్చిన పోలిక రుజువు కాదు. వేర్వేరు కారణాలు ఒకే బూడిదను మిగల్చగలవు. దీన్నే ఈక్విఫైనాలిటీ అంటారు.

మరో పురావస్తు శాస్త్రవేత్త కె. పద్దయ్య కర్ణాటకలోని బూదిహాళ్‌లో తవ్వినప్పుడు దిబ్బ ఒక్కదాన్నే చూసి ఊరుకోలేదు. చుట్టూ ఇళ్లు, పశువులను కోసిన తావు కూడా తవ్వి, ఇది జనం కాపురమున్న ఊరని చూపించారు. అమెరికా పురావస్తు శాస్త్రవేత్త బిన్‌ఫర్డ్ తరం 1960ల్లో మొదలుపెట్టిన ప్రాసెస్యువల్ ధోరణి ఇదే: బతుకుతెరువునంతా ఒక వ్యవస్థగా చూడటం. బ్రిటన్ పురావస్తు శాస్త్రవేత్త హాడర్ తరం 1980ల్లో ఇంకో ప్రశ్న వేసింది: ఆ వస్తువుకు అక్కడి మనుషులు ఏ అర్థం ఇచ్చుకున్నారు? అలా చూస్తే, తరతరాలుగా పేడ పోస్తూ, కాలుస్తూ ఎత్తు పెంచిన దిబ్బ ఒక కట్టడం కూడా అవుతుంది. దూరం నుంచి వచ్చేవాడికి మందతో పాటు ముందుగా కనిపించేది ఆ దిబ్బే.