సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి

కావలి,
శుక్రవారం రాత్రి.

చిరంజీవులు పెద్దమ్మాయికి, చిన్నవాడికి తాతయ్య ఆశీస్సులు.

మీ నాన్న ఆ కారు ఫొటోలు పంపాడు. ఎర్ర కారు, 2019లో తయారైంది, పెట్రోలుది, 38,000 కిలోమీటర్లే తిరిగిందట. నెల్లూరులో అమ్మకానికి ఉందట. ఆదివారం ఒంగోలు నుంచి మీ నలుగురూ వెళ్లి చూసి వస్తారట. ‘చూసి వస్తాం నాన్నా’ అన్నాడు గానీ, ఆ గొంతు వింటే వాడు మనసులో అప్పుడే కొనేశాడని అర్థమైంది. మనసు పడినవాడి కంటికి తప్పులు ఆనవు. అందుకే ఈ ఉత్తరం వాడికి కాక మీకు రాస్తున్నాను. నేనే రావలసింది. కానీ పాత కారు చూడటంలో సగం పని వంగడమే. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆ సగం నా చేత కావడం లేదు. మీ నడుములు కొత్తవి, ముక్కులు చురుకైనవి. పైగా అమ్మేవాడు మీ నాన్నతో మాట్లాడుతుంటే మిమ్మల్ని ఎవరూ పట్టించుకోరు.

ముందు నా తెలివితక్కువతనం ఒకటి చెబుతాను. ముప్పై ఏళ్లు ఆర్టీసీ గ్యారేజీలో బస్సు ఇంజిన్లు విప్పి బిగించినవాణ్ణి కదా, 2016 వేసవిలో ఒక పాత కారు కొన్నాను. అప్పటికి పెద్దమ్మాయికి నాలుగేళ్లు, చిన్నవాడు ఇంకా పుట్టలేదు. తమిళనాడు నంబరు బండి. ‘ఒక డాక్టరు గారు వాడిన కారు, ఎక్కువగా ఇంట్లోనే ఉండేది’ అన్నాడు బ్రోకరు. బానెట్ ఎత్తి, సెల్ఫ్ కొట్టించి, చెవి ఒగ్గి విన్నాను. ఇంజిన్ వీణ మీటినట్టు పలికింది. ఇంకేం, బేరం అయిపోయింది.

అక్టోబరులో వానలు మొదలయ్యాయి. ఒకరోజు మీ నాయనమ్మను తుమ్మలపెంట సముద్రం దగ్గరకు తీసుకెళ్తుంటే, ఎవరూ ముట్టుకోకుండానే వైపర్లు తిరగడం మొదలుపెట్టాయి. కాసేపటికి హారన్ దానంతట అదే మోగింది. ‘ఈ కారుకు గాలి సోకిందండీ’ అంది మీ నాయనమ్మ. సోకింది గాలి కాదు, నీళ్లు. ఎలక్ట్రీషియన్ డ్రైవరు కాళ్ల దగ్గర మ్యాట్ తీసి, దాని కింద అతికించిన మందపాటి కార్పెట్ లేపితే, ఎండి బీటలు వారిన బురద కనిపించింది. 2015 డిసెంబరు మొదట్లో చెన్నై మునిగినప్పుడు ఆ బండీ మునిగింది. కొన్న ధరలో మూడో వంతుకు దాన్ని వదిలించుకున్నాను. కొన్నవాడికి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పే ఇచ్చాను.

కాబట్టి మన ప్రాంతంలో పాత కారు దగ్గర మొదట వేయవలసిన ప్రశ్న ‘ఎంత తిరిగింది’ అని కాదు, ‘నీళ్లు తాగిందా’ అని. మునిగిన బళ్లన్నీ తుక్కుకు పోవు. కొన్నిటిని కడిగి, ఎండబెట్టి, కొత్త సీటు కవర్లు తొడిగి అమ్మకానికి పెడతారు. మునిగిన ఊళ్లో అయితే అందరికీ అనుమానమే కనుక పక్క ఊళ్లో అమ్ముతారు. చెన్నైకి పక్క ఊరు మన నెల్లూరు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందు చెన్నైని మళ్లీ ముంచింది. అంత దూరం ఎందుకు, 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు పక్కనే పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి, రైలు కట్ట రెండూ దెబ్బతిన్నాయి కదా. అప్పుడు మన వీధుల్లో నిలబడి ఉన్న కార్లు ఏమయ్యాయో ఒకసారి ఆలోచించండి.

చిన్నవాడా, నీ పని ఇది. తలుపులన్నీ మూసి ఉన్న కారులోకి నువ్వే మొదట ఎక్కు. ఏసీ వేయకముందే గట్టిగా ఊపిరి పీల్చు. తడిసి ఆరని గోనెసంచి వాసన వస్తే నాన్నకు చెప్పు. సెంటు వాసన ముక్కు పగిలేలా ఉంటే అది ఇంకా గట్టిగా చెప్పు. తరవాత ఒక్కో సీటు బెల్టునూ మెల్లగా, ఇక రానని మొరాయించేదాకా బయటికి లాగు. కడిగేవాళ్లు పైకి కనిపించే ముక్కనే కడుగుతారు. లోపల చుట్ట చుట్టుకుని ఉన్న భాగంలో నీటి గీత, మట్టి మరక అలాగే ఉండిపోతాయి. తరవాత ముందు సీట్ల కిందికి టార్చి వేసి చూడు. సీటు ముందుకూ వెనక్కూ జరిగే పట్టాల మీద, వాటి బోల్టుల మీద తుప్పు ఉంటే, కారు లోపల ఉండే ఆ ఇనుముకు నీళ్లు ఎక్కడివని అడగాలి. డిక్కీలో స్టెప్నీ బయటికి తీయించి ఆ గుంతలో చెయ్యి పెట్టి తడుము. సన్నటి ఒండ్రు వేలికి అంటితే ఇంకేమీ చూడనక్కర్లేదు, ఇంటికి వచ్చేయండి.

నీళ్లు ఆరిపోతే బాగైనట్టే కదా అని నువ్వు అడుగుతావని తెలుసు. సైకిలు పంపు తీసుకుని, కొసను బొటనవేలితో మూసి నొక్కు. గాలి నలుగుతుంది, పిడి కొంత లోపలికి పోతుంది. అదే పంపును నీళ్లతో నింపి నొక్కు, కదలదు. ఇంజిన్ సిలిండరు కూడా అలాంటి పంపే. అందులోకి నీళ్లు చేరి ఉండగా ఎవరైనా సెల్ఫ్ కొడితే, పిస్టన్ పైకి వెళ్లలేక, దాన్ని తోసే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ఇది ఒక నష్టం. దీన్ని బాగు చేయవచ్చు. రెండోది వైర్లది. వరద నీరు ఒట్టి నీరు కాదు, ఉప్పు, మురుగు కలిసినది. వైర్లు కలిసే చోట అది ఆరిపోయి, రాగిని నెలల తరబడి మెల్లగా తినేస్తుంది, పచ్చటి చిలుము పడుతుంది. నా కారు వేసవంతా బుద్ధిగా నడిచి అక్టోబరులో వైపర్లు ఆడించింది అందుకే.

ఎయిర్‌బ్యాగులను నడిపే పెట్టె చాలా కార్లలో గేరు రాడ్డు కింద, నేలకు దగ్గరగా ఉంటుంది. కారులో నీళ్లు నిలిస్తే మొదట తడిసేవాటిలో అదీ ఒకటి. తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగు గుర్తు వెలిగి, కొన్ని క్షణాలకు ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగనే లేదంటే, లోపం కనపడకుండా ఎవరో ఆ దీపాన్నే తీసేశారేమోనని అనుమానించాలి. ఇంకొక సంగతి: 2022 జనవరి నుంచి తయారైన కార్లన్నిటిలో ముందు రెండు సీట్లకూ ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి. మీరు చూడబోయేది 2019ది కనుక మీ అమ్మ కూర్చునే వైపు ఉండవచ్చు, లేకపోవచ్చు. లేకపోతే నా మాటగా వద్దనండి, రంగు ఎంత బాగున్నా సరే.

మన తీరంలో ఉప్పు ఇంకొక శత్రువు. రొయ్యల గుంటల దగ్గర తిరిగిన బండ్లు, డిక్కీలో ఐసు పెట్టెలు మోసిన బండ్లు అడుగున తుప్పు పట్టి ఉంటాయి. సైలెన్సర్ మీద ఎర్రగా పైపైన తుప్పు ఉంటే భయపడకండి, అది ప్రతి కారుకూ ఉంటుంది. గోరుతో గీస్తే పొరలు పొరలుగా రాలే తుప్పు వేరు. అడుగంతా కొత్తగా నల్ల పెయింటు కొట్టి ఉంటే దాని వెనక ఏముందో అడగండి. ఒంగోలు వైపు బండ్లకు మరో జబ్బు, చీమకుర్తి క్వారీ దుమ్ము. ఎయిర్ ఫిల్టర్ పెట్టె విప్పించి చూస్తే తెల్లటి పిండి కనిపిస్తుంది.

పెద్దమ్మాయీ, లెక్కలు నీవి. ఏడేళ్లలో 38,000 అంటే రోజుకు పదిహేను కిలోమీటర్లు. బజారుకూ బడికీ తిరిగిన కారైతే నమ్మవచ్చు. కానీ మీటరును వెనక్కి తిప్పడం పెద్ద విద్యేమీ కాదు, కనుక సాక్షులను విచారించాలి. టైరు పక్క గోడ మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2319 అని ఉంటే అది 2019లో ఇరవై మూడో వారంలో తయారైనదని అర్థం. స్టెప్నీ తరచుగా కారుతో పాటు వచ్చినదే ఉంటుంది, కనుక దాని తేదీ కారు వయసుతో కలవాలి. కింద ఉన్న నాలుగు టైర్లూ రెండుసార్లు మారాయంటే 38,000 మాట అబద్ధం. బ్రేకు, క్లచ్ తొక్కుడు పలకల రబ్బరు నున్నగా అరిగి ఉన్నా, స్టీరింగ్ తోలు మెరుస్తున్నా అంతే. కంపెనీ సర్వీసు సెంటర్లలో బండి నంబరు చెబితే ఏ తేదీన ఎంత మీటరుతో వచ్చిందో కంప్యూటర్‌లో కనిపిస్తుంది. ఆ కాగితం తెచ్చుకోమని అమ్మేవాడినే అడగమను.

గుద్దుకున్న కారును పట్టుకోవడం ఎండలో తేలిక. బండికి ఒక పక్కన కూర్చుని తలుపుల వెంట ఏటవాలుగా చూడు. టింకరింగ్ చేసి, అంటే సొట్ట తీసి, పెయింటు కొట్టిన చోట మెరుపు అలలు అలలుగా తేలుతుంది. బానెట్ బోల్టుల మీద స్పానరు గాట్లు ఉన్నాయా, అద్దాల మూలన ఉన్న ముద్రలన్నీ ఒకేలా ఉన్నాయా చూడు. చిన్న గీతలకు, సొట్టలకు కోపం తెచ్చుకోకండి. మన ఊళ్ల ఆటోల మధ్య ఏడేళ్లు తిరిగిన కారుకు గీత లేదంటేనే నాకు అనుమానం.

ఇంజిన్ సంగతి మీ నాన్నకు వదిలేస్తున్నాను, నాలుగు మాటలు మాత్రం వాడికి చదివి వినిపించండి. మీరు వెళ్లేసరికి ఇంజిన్ చల్లగా ఉండాలి. బానెట్ మీద చెయ్యి వేస్తే వెచ్చగా తగిలితే, చల్లని ఇంజిన్‌లో బయటపడే లోపం దాచడానికి ముందే స్టార్ట్ చేసి పెట్టారేమో అనుకోవాలి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది, నల్ల పొగైతే పెట్రోలు వృథాగా పోతోంది, ఆగకుండా దట్టంగా తెల్ల పొగ వస్తే ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ సిలిండర్లలోకి దిగుతోంది. ఆయిల్ మూత లోపల మజ్జిగ లాంటి తెట్టు ఉంటే బేరం మానేయమనండి. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి నడిపేటప్పుడు ముందు చక్రం దగ్గర టకటకమంటే యాక్సిల్ జాయింటు పోయినట్టే. మీరు వెనక కూర్చుంటారు కనుక ఆ చప్పుడు మీకే బాగా వినిపిస్తుంది. ఏసీని మాత్రం మిట్టమధ్యాహ్నం చూడాలి. పొద్దున ఏడింటికి ప్రతి ఏసీ చల్లగానే ఉంటుంది, రోహిణి కార్తెలో నెల్లూరులో కదా దాని నిజం బయటపడేది.

ఇక కాగితాలు. మీ నాన్నకు చదివే ఓపిక లేదు, పెద్దమ్మాయి అక్షరం అక్షరం చదవాలి. బండి రిజిస్ట్రేషన్ పత్రం, అంటే ఆర్‌సీలోని ఛాసిస్ నంబరు పదిహేడు అక్షరాలు, అంకెలు కలిసి ఉంటుంది. దాన్ని బండి మీద కొట్టిన నంబరుతో నువ్వు ఒక్కొక్కటే పైకి చదువుతుంటే తమ్ముడు సరిచూస్తాడు. ఏపీ 26 అంటే నెల్లూరు, 27 అంటే ప్రకాశం అని మనకు అలవాటు. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చాక నంబరును బట్టి ఊరు తెలియదు, ఆర్‌సీలో చిరునామా చూడాలి. ఎంతమంది చేతులు మారిందో కూడా చూడాలి. అప్పిచ్చిన బ్యాంకు పేరు ఆర్‌సీలో ఉంటే, అప్పు తీరిందన్న బ్యాంకు ఉత్తరం, ఆ పేరు తీయించే ఫారం 35 చేతికి వచ్చేదాకా పైసా ఇవ్వకూడదు. పొరుగు రాష్ట్రం బండైతే అక్కడి ఆర్టీవో ఆఫీసు అభ్యంతరం లేదని ఇచ్చిన పత్రం, ఎన్‌ఓసీ కావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. చవక అనిపించిన ధర అక్కడే పెరిగిపోతుంది.

కొన్నాక పేరు మార్పుకు ఫారం 29, 30 మీద సంతకాలు కావాలి. కొన్నవారు 30 రోజుల్లోగా దరఖాస్తు ఇవ్వాలి, ఇన్సూరెన్సు కంపెనీకి 14 రోజుల్లోగా తెలియజేయాలి. మీ నాన్న ‘వచ్చే నెల చూద్దాం’ అనే మనిషి కనుక క్యాలెండరులో ఆ రెండు తేదీలకూ ఎర్ర సున్నాలు చుట్టే బాధ్యత నీదే. డబ్బు బ్యాంకు ద్వారానే పంపాలి. బండి తెచ్చుకునేటప్పుడు రాసుకునే కాగితంలో తేదీతో పాటు గంట కూడా వేయించాలి. ఆ గంటకు ముందు పడిన చలానాలు ఎవరివో తరవాత వాదించుకోనక్కర్లేదు.

ఇవన్నీ చూశాక కూడా కారు నచ్చితే, బయానా ఇవ్వకుండా మనకు తెలిసిన మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్లి లిఫ్టు మీద ఎత్తి చూపించమనండి. దానికి అమ్మేవాడు ఒప్పుకోకపోతే మారు మాట్లాడకుండా తిరిగి వచ్చేయండి.

టార్చిలో కొత్త బ్యాటరీలు వేసుకోండి. చిన్నవాడికి పాత చొక్కా తొడగమని అమ్మతో చెప్పండి, కారు కిందికి దూరకుండా వాడు ఊరుకోడు. బేరం కుదిరినా కుదరకపోయినా తిరిగి వచ్చేటప్పుడు కావలిలో దిగండి. నాయనమ్మకు నెల్లూరు మలై కాజాలు ఒక పెట్టె తెండి. నాకు షుగరు ఉంది కనుక ఒక్కటి చాలు, ఆ సంగతి ఆవిడకు తెలియనక్కర్లేదు.

ఇట్లు,
మీ తాతయ్య