రాజ్యాంగం ఎవరి కోసం, ఎవరి మీద? కొన్ని అపోహలు, వాస్తవాలు

రాజ్యాంగ వ్యాజ్యాలు వాదించడం నా వృత్తి. వీలున్నప్పుడు లా విద్యార్థులకు పాఠాలు కూడా చెప్తాను. కోర్టుకొచ్చే కక్షిదారులు, క్లాసుకొచ్చే పిల్లలు, టీవీ చర్చల్లో గొంతు పెంచే పెద్దలు రాజ్యాంగం గురించి అనే మాటల్లో కొన్ని తప్పులు మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. చిన్న తప్పులైతే వదిలేయొచ్చు. ఇవి ఎవరిని నిలదీయాలి, ఎక్కడ నిలదీయాలి అన్న లెక్కనే తారుమారు చేస్తాయి.

అపోహ: ప్రజలు ఎలా నడుచుకోవాలో చెప్పేదే రాజ్యాంగం

ఆ పని మామూలు చట్టాలది. దొంగతనానికి శిక్ష, పన్ను ఎగవేతకు జరిమానా అక్కడ ఉంటాయి. రాజ్యాంగం మాట్లాడేది ఆ చట్టాలు చేసేవాళ్లతో, వాటిని అమలు చేసేవాళ్లతో. చట్టం ఎవరు చేయొచ్చు, ఏ విషయం జోలికి పోకూడదు, ఖజానాలోంచి పైసా తీయాలంటే ఎవరి అనుమతి కావాలి, ఓడినవాళ్లు ఎప్పుడు కుర్చీ దిగాలి: అది జవాబు చెప్పాల్సిన ప్రశ్నలు ఇవి. భారత రాజ్యాంగంలో 1976లో పౌరుల ప్రాథమిక విధులు చేర్చారు నిజమే. కానీ వాటిని పాటించలేదని నేరుగా ఎవరినీ శిక్షించలేరు.

అలాగని రాజ్యాంగం పని ప్రభుత్వం చేతులు కట్టేయడమే అనుకోవడమూ సగం నిజమే. ముందు ప్రభుత్వాన్ని పుట్టించేదే అది. అధికారాన్ని సృష్టించి, ముక్కలుగా పంచి, ఒక్కో ముక్కకూ హద్దు గీసి, ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి రక్తం చిందకుండా మారే దారి చూపిస్తుంది. 1789 నాటి ఫ్రాన్స్ మానవ హక్కుల ప్రకటన 16వ అధికరణ ఈ సంగతి కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది: హక్కులకు భరోసా, అధికారాల విభజన లేని సమాజానికి అసలు రాజ్యాంగమే లేదని.

అపోహ: ఒకే పుస్తకంగా రాసుకోకపోతే రాజ్యాంగం లేనట్టే

బ్రిటన్‌కి అలాంటి పుస్తకం లేదు. 1689 హక్కుల చట్టం, 1911, 1949 పార్లమెంటు చట్టాలు, కోర్టు తీర్పులు, ఎక్కడా రాయని సంప్రదాయాలు కలిసి అక్కడి రాజ్యాంగం. అయినా 2019లో ప్రధాని సలహా మీద పార్లమెంటును అయిదు వారాలపాటు ప్రొరోగ్ చేస్తే (అంటే సమావేశాలు ముగించి మూసేస్తే), సుప్రీంకోర్టులో పదకొండుమంది జడ్జీలూ ఏకగ్రీవంగా అది చెల్లదన్నారు. రాసుకున్నవాళ్ల దగ్గర కూడా అన్నీ రాసి ఉండవు. చట్టాన్ని కొట్టేసే అధికారం కోర్టులకు ఉందని అమెరికా రాజ్యాంగంలో ఎక్కడా స్పష్టంగా లేదు. 1803లో మార్బరీ కేసులో కోర్టే ఆ మాట చెప్పి నిలబెట్టుకుంది.

అపోహ: హక్కుల జాబితా ఎంత పెద్దదైతే రాజ్యాంగం అంత గొప్పది

నన్నడిగితే అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఇదే. 1936 సోవియట్ రాజ్యాంగం 125వ అధికరణ తెరిస్తే వాక్ స్వాతంత్ర్యం, పత్రికా స్వేచ్ఛ, సభలు, ఊరేగింపులు అన్నీ కనిపిస్తాయి. ఆ మరుసటి రెండేళ్లలోనే స్టాలిన్ ప్రక్షాళన పేరుతో లక్షలమందిని చంపించాడు. హక్కుల్లో లోటు లేదు. లేనిదల్లా ఆ హక్కును పట్టుకుని వెళ్తే వినే స్వతంత్ర కోర్టు, పాలకుణ్ణి దించగలిగే ఎన్నిక.

జర్మనీ ఉదాహరణ ఇంకా లోతుగా చూడాలి. 1919 వైమర్ రాజ్యాంగంలో హక్కులు బాగానే ఉన్నాయి. లోపం బిగింపులో ఉంది. అవిశ్వాసం పెట్టి ప్రభుత్వాన్ని దించొచ్చు, కానీ తర్వాత ఎవరన్నది ముందే చెప్పనక్కర్లేదు. ఈ వెసులుబాటు ఎక్కడిదాకా పోయిందో 1932 సెప్టెంబర్ 12 నాటి సభలో చూడొచ్చు. ఛాన్సలర్ పాపెన్ సభను రద్దు చేసే ఉత్తర్వు తెచ్చి స్పీకర్ గోరింగ్ బల్ల మీద పెట్టాడు. గోరింగ్ చూడనట్టే ఓటింగ్ నడిపించాడు. అవిశ్వాసానికి 512 ఓట్లు, వ్యతిరేకంగా 42. ఒకరినొకరు వీధుల్లో కొట్టుకునే కమ్యూనిస్టులు, నాజీలు ఆ రోజు ఒకే వైపు ఓటేశారు. కలిసి దించగలరు, కలిసి నిలబెట్టలేరు. మరోపక్క 48వ అధికరణ కింద అధ్యక్షుడు ఒక్క సంతకంతో కీలకమైన హక్కుల్ని ఆపేయొచ్చు. 1933 ఫిబ్రవరిలో పార్లమెంటు భవనం తగలబడ్డ మర్నాడే ఆ సంతకం పడింది. నెల తిరక్కుండా చట్టాలు చేసే అధికారాన్నీ పార్లమెంటు హిట్లర్ ప్రభుత్వానికి అప్పగించేసింది. విచిత్రం ఏమిటంటే, వైమర్ రాజ్యాంగాన్ని నాజీలు లాంఛనంగా ఎప్పుడూ రద్దు చేయలేదు. ఆ అవసరమే రాలేదు.

యుద్ధం తర్వాత 1949లో పశ్చిమ జర్మనీకి కొత్త రాజ్యాంగం రాసినవాళ్లు హక్కుల్ని మొదటి అధ్యాయంలో పెట్టడంతో సరిపెట్టుకోలేదు. 67వ అధికరణలో చిన్న మార్పు చేశారు: ఛాన్సలర్‌ని దించాలంటే అదే ఓటుతో కొత్త ఛాన్సలర్‌ని ఎన్నుకోవాలి. 1982 అక్టోబర్ 1న ఛాన్సలర్ ష్మిట్ దిగిపోయింది ఇలాగే. కోల్‌కి అనుకూలంగా 256 ఓట్లు వచ్చాయి, ఆ క్షణమే ప్రభుత్వం మారింది. మధ్యలో ఖాళీ లేదు.

అందుకే విద్యార్థులతో అంటుంటాను, ఏ దేశ రాజ్యాంగం చేతికొచ్చినా పీఠిక, హక్కులు కాసేపు పక్కన పెట్టి, నిద్రొచ్చే అధ్యాయాలు ముందు చదవమని. జడ్జిని ఎవరు నియమిస్తారు, ఎవరు తీసేయగలరు? బడ్జెట్ ఆమోదం పొందకపోతే ఏమవుతుంది? ఎన్నికలు నడిపేది ఎవరు, వాళ్ల ఉద్యోగం ఎవరి చేతిలో ఉంది? దేశాధినేత పదవీకాలం పొడిగించుకోవాలంటే ఎన్ని తలుపులు తట్టాలి? ఈ నాలుగిటికీ జవాబు ఒకే మనిషి దగ్గర తేలితే, హక్కుల అధ్యాయం ఎంత అందంగా రాసినా నేను నమ్మను.

అపోహ: జనం మెజారిటీ ఇచ్చారు కాబట్టి దేన్నైనా మార్చొచ్చు

మెజారిటీ పాలించడానికే. రేపటి ఎన్నికలో ఆ మెజారిటీ ఓడిపోయే అవకాశాన్ని తీసేయడానికి కాదు. జర్మనీలో 79వ అధికరణ మానవ గౌరవం, ప్రజాస్వామ్య, సమాఖ్య సూత్రాలను సవరణకు అందకుండా ఉంచింది. ఫ్రాన్స్‌లో గణతంత్రాన్ని సవరణతో రద్దు చేయడం కుదరదు. కొలంబియాలో అధ్యక్షుడు ఉరిబే మూడోసారి వరుసగా పోటీ చేసేందుకు రెఫరెండం తలపెడితే 2010లో రాజ్యాంగ న్యాయస్థానం అడ్డుకుంది.

మన దేశంలో ఈ హద్దును గీసింది కోర్టే. 1973లో కేశవానంద భారతి కేసులో 13 మంది జడ్జీల ధర్మాసనం, పార్లమెంటు దేన్నైనా సవరించవచ్చు గానీ మౌలిక స్వరూపాన్ని, అంటే రాజ్యాంగానికి ప్రాణమైన మూల సూత్రాల్ని, చెరపలేదంది. 7–6 తేడాతో, పదకొండు వేర్వేరు తీర్పులతో. ఎన్నిక కాని జడ్జీలు ఒక్క ఓటు తేడాతో ఇంత పెద్ద అధికారం తీసుకోవచ్చా అన్న విమర్శ ఇప్పటికీ ఉంది, అందులో బలమూ ఉంది. అయినా నేను తీర్పు వైపే ఉంటాను. ఎందుకంటే రెండేళ్లు దాటిన కొద్ది నెలలకే 39వ సవరణ వచ్చింది. ప్రధాని ఎన్నిక చెల్లుతుందా లేదా అన్నది ఇక కోర్టులు చూడకూడదని, ఇందిరా గాంధీ ఎన్నిక మీద అప్పటికే నడుస్తున్న కేసుకు కూడా వర్తించేలా రాశారు. 1975 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆ క్లాజును కొట్టేసింది. మౌలిక స్వరూప సూత్రమే లేకపోతే దాన్ని కొట్టేయడానికి చేతిలో ఏ ఆధారం ఉండేదో నాకు తోచదు.

అపోహ: తరచూ సవరిస్తే రాజ్యాంగం బలహీనం

జపాన్ 1947 నుంచి ఒక్క అక్షరం మార్చలేదు. అమెరికా రెండు శతాబ్దాల పైచిలుకులో 27సార్లు మార్చింది, భారత్ వందకు పైగా. లెక్కతో తేలేదేమీ లేదు. సారా నిషేధాన్ని ఏకంగా రాజ్యాంగంలోకి ఎక్కించి 1933లో మరో సవరణతో తీసేసిన అమెరికాని అడిగితే, ఏది సవరణకు తగినదో ఏది మామూలు చట్టానికి తగినదో తెలుసుకోవడమే కష్టమంటుంది.

అపోహ: ఎవరు ఇబ్బంది పెట్టినా ప్రాథమిక హక్కుల కేసు వేయొచ్చు

ఇది కక్షిదారులతో రోజూ ఉండే పేచీ. సోషల్ మీడియా కంపెనీ నా పోస్టు తీసేసింది, వాక్ స్వాతంత్ర్యం పోయింది, రిట్ (హక్కుల కోసం నేరుగా హైకోర్టులోనో సుప్రీంకోర్టులోనో వేసే పిటిషన్) వేయండి అంటారు. నేను అడిగే మొదటి ప్రశ్న, అవతలి పక్షం ఎవరు? ప్రభుత్వమా, ప్రభుత్వ అధికారంతో పనిచేసే సంస్థా, లేక మామూలు ప్రైవేటు మనిషా? చాలా రాజ్యాంగాల్లో ఎక్కువ హక్కులు ప్రభుత్వం మీదే పనిచేస్తాయి. ప్రైవేటు గొడవకు ఒప్పంద చట్టమో, వినియోగదారుల కమిషనో, సివిల్ దావానో దారి. మినహాయింపులు లేకపోలేదు. అంటరానితనాన్ని నిషేధించే 17వ అధికరణ, వెట్టిచాకిరీని నిషేధించే 23వ అధికరణ మన దగ్గర పక్కింటివాడి మీద కూడా పనిచేస్తాయి.

హక్కులన్నీ పౌరులకే అనుకోవడం దీనికి తోబుట్టువు. ఓటు హక్కు, వాక్ స్వాతంత్ర్యం లాంటివి పౌరులకే. జీవించే హక్కు, చట్టం ముందు సమానత్వం ఇక్కడ అడుగుపెట్టిన ఎవరికైనా. 1996లో అరుణాచల్‌లోని చక్మా శరణార్థుల కేసులో సుప్రీంకోర్టు వాళ్ల ప్రాణాలు కాపాడే బాధ్యత ప్రభుత్వానిదేనని తేల్చింది.

అపోహ: అత్యవసర పరిస్థితి అంటే రాజ్యాంగాన్ని అటకెక్కించడం

అత్యవసర అధికారం కూడా రాజ్యాంగం ఇచ్చిందే, దానికీ గడువూ హద్దూ ఉండాలి. దక్షిణాఫ్రికాలో 37వ సెక్షన్ ప్రకారం అత్యవసర పరిస్థితి మొదట 21 రోజులకే. తర్వాత పొడిగించాలంటే సభలో ఓటు, అదీ ఒక్కోసారి మూడు నెలలకు మించకుండా. మనం ఈ పాఠం దెబ్బ తిని నేర్చుకున్నాం. 1976లో జైల్లో పెట్టినవాళ్లకు హెబియస్ కార్పస్ (నిర్బంధం చట్టబద్ధమేనా అని కోర్టును అడిగే పిటిషన్) వేసే హక్కు కూడా లేదని సుప్రీంకోర్టు 4–1తో చెప్పింది. ఆ ఒక్కరు జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా, ఆ తర్వాత ఆయన్ని దాటవేసి జూనియర్‌ని ప్రధాన న్యాయమూర్తిని చేశారు. 1978లో 44వ సవరణ వచ్చాక 20, 21 అధికరణల కింది హక్కుల్ని (నేరారోపణ ఎదుర్కొనేవాళ్ల రక్షణలు, జీవించే హక్కు, వ్యక్తి స్వేచ్ఛ) ఎమర్జెన్సీలో కూడా ఆపడానికి వీల్లేదు. 1976 నాటి ఆ తీర్పు తప్పని కోర్టు ఒప్పుకోవడానికి 2017 దాకా పట్టింది.

అపోహ: కోర్టులో గెలిస్తే హక్కు చేతికొచ్చినట్టే

దక్షిణాఫ్రికా రాజ్యాంగంలో ఇల్లు పొందే హక్కు ఉంది. నిలువ నీడ లేని కుటుంబాల తరఫున ఐరీన్ గ్రూట్‌బూమ్ కేసు వేస్తే, దిక్కులేని స్థితిలో ఉన్నవాళ్లను పట్టించుకోని ప్రభుత్వ గృహ పథకం సమంజసంగా లేదని 2000లో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పిచ్చింది. ప్రపంచమంతా ఆ తీర్పు పాఠంగా చెప్పుకుంటాం. 2008లో చనిపోయేనాటికి ఆమె ఇంకా గుడిసెలోనే ఉన్నారు.

కోర్టు ఆ కేసులో ఏమి చేయాలో చెప్పింది, ఎప్పటిలోగా అన్నది చెప్పలేదు, అమలును తన కనుసన్నల్లో ఉంచుకోలేదు. అందుకే ఇలాంటి కేసుల్లో పిటిషన్ రాసేటప్పుడు ప్రేయర్‌లో (కోర్టును ఏం కోరుతున్నామో చెప్పే భాగంలో) ఇంకో పేరా చేర్చడం మాకు అలవాటైంది: ఫలానా గడువుకల్లా అమలు నివేదిక దాఖలు చేయాలని, అప్పటిదాకా కేసు మూసేయకుండా వాయిదా వేయాలని. జడ్జీలు అన్నిసార్లూ ఒప్పుకోరు. ఒప్పుకున్న కేసుల్లో మాత్రం వాయిదాకి వారం ముందు నుంచే ఫైలు కదలడం మొదలవుతుంది.