పాత కారు ఇంజన్: విప్పి కట్టించాలా, కట్టింది కొనాలా?

గాజువాక ఆటోనగర్‌లో మా షెడ్డుకి అంబాసిడర్లు, ఫియట్లు తెచ్చేవాళ్లలో చాలామంది కారు దిగుతూనే అనే మాట ఒకటుంది. "దీన్ని విప్పి ఎప్పటికి కడతారు గానీ, ఎక్కడైనా రెడీ ఇంజన్ దొరికితే పడేద్దాం." ఇలాంటి అపోహలు ఒకటి కాదు, అరడజను ఉన్నాయి.

అపోహ: రెడీ ఇంజన్ అంటే దించి ఎక్కించడమే, ఒక్కరోజు పని

దించి ఎక్కించడం ఒక్కరోజు పనే. దానికి ముందు చేసేదే అసలు పని. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. ఫియట్ పద్మిని అంతకంటే చాలా ముందే ఆగింది. కాబట్టి ఇప్పుడు రెడీ ఇంజన్ పేరుతో దొరికేది కంపెనీ సరుకు కాదు. తుక్కుకి వెళ్లిన ఏదో ఒక కారులోంచి బ్లాకు (సిలిండర్లుండే ఇంజన్ మొండెం) తీసి, ఎక్కడో ఒక మేస్త్రీ కట్టినది. ఆయన మంచి పనివాడే కావచ్చు. కానీ బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ రంధ్రం) ఎంత, క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఎంత గ్రైండింగ్ అయిందో కాగితం మీద రాసిచ్చినవాళ్లని నేనింతవరకు చూడలేదు.

భీమిలి నుంచి ఒక పెద్దాయన 1972 మార్క్ 2 అంబాసిడర్ తెచ్చారు. దాంతోపాటు వేరే ఊళ్లో కొన్న ఇంజన్ కూడా లారీలో దిగింది. పైన కొత్త రంగు నిగనిగలాడుతోంది. "పైన హెడ్డూ, కింద ఆయిల్ ఉండే సంపూ విప్పి చూడకుండా ఎక్కించను సార్" అంటే ఆయన కాస్త చిన్నబుచ్చుకున్నారు. విప్పాం. మూడు బోర్లు 40 థౌ ఓవర్‌సైజు, నాలుగోది స్లీవు వేసి స్టాండర్డ్! (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. ఓవర్‌సైజు అంటే అరిగిన బోరుని కోసి పెద్దది చేయడం, అదే బోరింగ్. స్లీవు అంటే బోరు లోపల దింపే గొట్టం.) పిస్టన్లు తూకం వేస్తే ఒకదానికి ఒకటి పొంతన లేదు. ఆ ఇంజన్ స్టార్టయ్యేది, బీచ్ రోడ్డులో బాగానే తిరిగేది కూడా. సింహాచలం ఘాట్ ఎక్కేటప్పుడు స్టీరింగ్ పట్టుకున్న చేతులకి అదురు రూపంలో సంగతి తెలిసేది. ఆయన పెరట్లో పడేసి వచ్చిన సొంత బ్లాకు తెప్పించి కొలిస్తే, 20 థౌ బోరింగ్‌తో సరిపోయింది. చివరికి దాన్నే కట్టాం. రెండో ఇంజన్ డబ్బులు వృథా.

అపోహ: పొగ వస్తే రింగులు మారిస్తే చాలు

రిపేరు పక్షం వాళ్ల అపోహ ఇది. రింగులంటే పిస్టన్ చుట్టూ ఉండి ఆయిల్ పైకి రాకుండా ఆపేవి. బోరు అంతా సమంగా అరగదు. పిస్టన్ పైకెళ్లి వెనక్కి తిరిగే చోట, పై రింగు ఆడే దగ్గర ఎక్కువ అరుగుతుంది. దాని పైన అరగని భాగం చిన్న మెట్టులా మిగులుతుంది. గోరు పెట్టి చూస్తే మీకే తగులుతుంది. ఆ మెట్టు ఉండగా కొత్త రింగులు వేస్తే పై రింగు దానికి కొట్టుకుని విరిగే ప్రమాదం ఉంది. పైగా బోరు గుండ్రంగా కాక కోలగా అరిగి ఉంటే గుండ్రటి రింగు ఆయిల్‌ని ఆపలేదు. అందుకే బోర్ గేజ్‌తో పైన, మధ్యలో, కింద కొలవాలి, ప్రతిచోటా రెండు దిక్కుల్లో. నా లెక్కలో తేడా 0.15 మిల్లీమీటర్లు దాటితే బోరింగే. అదైనా పిస్టన్లు చేతికొచ్చాకే, వాటి కొలతకి చేయించాలి. ముందు బోరింగ్ చేయించి తర్వాత పిస్టన్లు వెతికేవాళ్లకి దండం.

ఓవర్‌సైజు వేస్తే పవర్ పెరుగుతుందని కుర్రాళ్లు అడుగుతుంటారు. అంబాసిడర్ పెట్రోల్ ఇంజన్ 1489 సీసీ. 20 థౌ పెంచితే సుమారు 1510. అంతే!

అపోహ: విప్పి పక్కన పెడదాం, పార్ట్స్ వచ్చినప్పుడు కడదాం

హైదరాబాద్‌లో చెల్లుతుందేమో గానీ ఇది విశాఖ. సముద్రపు గాలికి కొత్తగా హోనింగ్ చేసిన (రాళ్లతో రుద్ది తుది మెరుగు పెట్టిన) బోరు ఒక్క రాత్రిలో తుప్పు రంగు తిరగడం నా కళ్లతో చూశాను. లేత్ నుంచి రాగానే సబ్బునీళ్లతో కడిగి, తుడిచి, ఆయిల్ పూసి, ప్లాస్టిక్ కవర్లో చుట్టాలి. పార్ట్స్ అన్నీ చేతికొచ్చేదాకా ఇంజన్ విప్పకపోవడం ఇంకా మంచిది.

అపోహ: ఒకే మోడల్ ఇంజన్ కదా, కాగితాల గొడవ ఉండదు

ఇంజన్ నంబరు ఆర్‌సీలో ఉంటుంది. వేరే బ్లాకు వేస్తే నంబరు మారినట్టే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం రవాణా శాఖ అనుమతి తీసుకుని ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. రెన్యువల్‌కో ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కో వెళ్లినప్పుడు నంబరు కలవకపోతే ఆ టెన్షన్ వేరు. ఇంకో సంగతి. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన కారుకి 'వీఏ' అక్షరాలతో వింటేజ్ నంబరు తీసుకోవచ్చు. కానీ కారు అసలు రూపంలోనే ఉండాలి, చాసీ, బాడీ, ఇంజన్ మార్చి ఉండకూడదు. భీమిలి పెద్దాయన బండి సరిగ్గా ఆ వయసుదే. ఇది విన్నాక పాత బ్లాకు మీద ఆయనకి ప్రేమ పుట్టుకొచ్చింది.

అయితే రెడీ ఇంజన్ ఎప్పుడూ వద్దా? కనెక్టింగ్ రాడ్ విరిగి బ్లాకు పగిలితే వేరే దారి లేదు. అప్పుడు కూడా నేను ఉత్త బ్లాకు కొనమంటాను. రంగేసిన ఇంజన్ కంటే తుప్పు పట్టిన బ్లాకు నయం, ఏదీ దాచదు.

అపోహ: సీసం లేని పెట్రోల్ పాత ఇంజన్‌ని తినేస్తుంది

కొంత నిజమే. దేశమంతా 2000 ఫిబ్రవరి నుంచి సీసం లేని పెట్రోలే. అంబాసిడర్ హెడ్డు పోత ఇనుము, వాల్వు సీట్లు (వాల్వులు ఆనుకునే అంచులు) అందులోనే కోసినవి, కాబట్టి సీసం రక్షణ లేక మెల్లగా అరిగి లోపలికి దిగుతాయి. హెడ్డు విప్పినప్పుడే గట్టి సీట్లు వేయించేస్తే ఆ బాధ ఉండదు. ఫియట్ హెడ్డు అల్యూమినియం, దానికి సీట్లు విడిగా బిగించినవే. ఇప్పుడు నాకున్న భయం పెట్రోల్‌లో కలిపే 20 శాతం ఇథనాల్ గురించి. పెట్రోల్ పైపులు, పంపు డయాఫ్రం మార్చకుండా నేను బండి ఇవ్వను.

అపోహ: కొత్తగా కట్టిన ఇంజన్‌ని పసిపిల్లలా ఐడిల్‌లో ఉంచాలి

తిరగేసి చెప్పిన మాట ఇది. ఈ ఇంజన్లలో క్యామ్‌కి (వాల్వులు తెరిపించే ఇరుసుకి) ఆయిల్ ఎక్కువగా క్రాంకు తిరిగేటప్పుడు చిమ్మేదే. ఐడిల్‌లో అది సరిపడా అందదు. కొత్త క్యామ్, దాని మీద ఆనే టాపెట్లు వేస్తే స్టార్ట్ అవగానే 2000 ఆర్‌పీఎం దగ్గర ఇరవై నిమిషాలు ఉంచాలి. తర్వాత రోడ్డెక్కించి, లోడు మీద పెంచుతూ తగ్గిస్తూ నడపాలి, అప్పుడే రింగులు బోరులో కూర్చుంటాయి. నేనైతే తెల్లవారుజామున భీమిలి దాకా వెళ్లి వస్తాను. 500 కిలోమీటర్లకి ఆయిల్ మార్చి, హెడ్డు బోల్టులు, టాపెట్లు మళ్లీ చూడాలి. దానికి మాత్రం బండి షెడ్డుకి తీసుకురండి, ఫోన్‌లో చెప్పించుకుని మీరే చేయకండి.