హైస్పీడు రైలును ఎవరి చేతిలో పెట్టాలి: పిల్లలకు ఒక ఉత్తరం

బిట్రగుంట,
నెల్లూరు జిల్లా.

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

హైదరాబాదు నుంచి చెన్నైకి హైస్పీడు రైలు మార్గం వేయాలన్న ప్రతిపాదన గురించి మీరందరూ వింటూనే ఉన్నారు. ఆ రైలు ఎంత వేగంతో పోతుంది, టిక్కెట్టు ఎంత ఉంటుంది, మన వైపు ఎక్కడ ఆగుతుంది అని మీరు నన్ను అడుగుతున్నారు గానీ, మార్గం వేసిన మరుసటి రోజు నుంచి దాన్ని నడిపేది ఎవరు, పట్టాలను కనిపెట్టి చూసుకునేది ఎవరు అని ఇంతవరకు ఎవరూ అడగలేదు. పట్టాల విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి గనుక, నాకు అన్నిటికంటే ముందు తోచే ప్రశ్న అదే.

ముంబై-అహ్మదాబాదు మధ్య 508 కిలోమీటర్ల మార్గాన్ని గంటకు 320 కిలోమీటర్ల వేగానికి కడుతున్నారు. అంటే రైలు సెకనుకు దాదాపు 89 మీటర్లు పోతుంది. ఆ వేగంలో దారి పక్కనున్న సిగ్నలును కంటితో చూసి బండిని ఆపడం డ్రైవరుకు సాధ్యం కాదు కాబట్టి, ఎంత వేగంతో పోవాలన్న ఆదేశం అతని ముందున్న తెర మీదికే వస్తుంది. మన విజయవాడ-గూడూరు లైనులో కీమన్ (పట్టాలను రోజూ తనిఖీ చేసే ఉద్యోగి) పగటిపూట పట్టా వెంట నడుస్తూ, బండి వస్తే పక్కకు తప్పుకొని, అది పోయాక మళ్లీ పనిలో దిగుతాడు. హైస్పీడు మార్గం మీద పగలు మనిషి అడుగు పెట్టరాదు. అందుకే జపానులో షింకన్‌సెన్ అనే హైస్పీడు రైళ్లను అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు గంటల వరకు నడపరు. ఆ ఆరు గంటలు పూర్తిగా పట్టాలు, కరెంటు తీగలు చూసేవారివి. ఆదాయం కోసం ఇంకొక బండి నడుపుదామని ఎవరైనా ఆ సమయంలోంచి ఒక గంట కోరితే, కాదనగల అధికారం ఎవరికి ఉండాలన్నదే నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారానికి మూలం.

ఇంగ్లండు సంగతి చెబుతాను, జాగ్రత్తగా చదవండి. 1993 చట్టంతో అక్కడ రైల్వేను ముక్కలు చేశారు. పట్టాలు రైల్‌ట్రాక్ అనే సంస్థకు చెందాయి, రైళ్లు నడిపేవి వేరే కంపెనీలు, పట్టాలను బాగుచేసేవారు కాంట్రాక్టర్లు. 2000 అక్టోబరు 17న హాట్‌ఫీల్డ్ దగ్గర ఒక పట్టా ముక్కలు ముక్కలుగా పగిలి రైలు పట్టాలు తప్పింది, నలుగురు చనిపోయారు. ఆ పట్టా అంచున పగుళ్లున్నాయని ముందే తెలుసు. మార్చడానికి కొత్త పట్టాను తెచ్చి లైను పక్కనే పెట్టారు, అది నెలల తరబడి అక్కడే ఉండిపోయింది. ఆ తరువాత ఇంకెక్కడ ఇలాంటి పగుళ్లున్నాయో చెప్పగలిగేవారు లేక, దేశమంతటా వేయికి పైగా చోట్ల వేగం తగ్గించవలసి వచ్చింది. చివరకు 2002లో పట్టాలు నెట్‌వర్క్ రైల్ అనే కొత్త సంస్థ చేతికి వచ్చాయి. కొంతకాలానికి ఆ సంస్థ మరమ్మతు పనిని కాంట్రాక్టర్ల నుంచి తీసుకొని సొంత సిబ్బందికే అప్పగించింది. పగులును చూసినవాడు, మార్చవలసినవాడు, వేగం తగ్గించమని ఆదేశించవలసినవాడు వేర్వేరు కంపెనీల్లో ఉంటే, తెలిసిన ప్రమాదం కూడా కాగితాల్లోనే ఉండిపోతుంది.

మన దేశంలోనూ ఇలాంటిది జరిగింది. ఢిల్లీ విమానాశ్రయ మెట్రో మార్గంలో వంతెనలు, సొరంగాలు కట్టింది ప్రభుత్వ మెట్రో సంస్థ. నడిపే బాధ్యత ఒక ప్రైవేటు కంపెనీది. 2011లో మొదలైన ఆ రైళ్లు, వంతెనల బేరింగులలో (స్తంభాలకూ పై దిమ్మెలకూ మధ్య ఉండే ఆధారాలలో) లోపాలు బయటపడి 2012 జులైలో ఆగిపోయాయి. మరుసటి ఏడాది కంపెనీ తప్పుకుంది, మెట్రో సంస్థే నడపడం మొదలుపెట్టింది. తప్పెవరిదన్న వ్యాజ్యం మాత్రం సుప్రీంకోర్టులో 2024 వరకు నడిచింది.

ప్రైవేటు అన్నది చెడ్డదని నేను అనడం లేదు. టోక్యో-ఒసాకా షింకన్‌సెన్‌ను 1964లో ప్రారంభించింది ప్రభుత్వ రైల్వే. 1987లో దాన్ని విభజించి కంపెనీలుగా మార్చారు. మొదట మార్గాలను వేరే సంస్థ పేరున ఉంచి, కంపెనీలకు అద్దెకు ఇచ్చారు. 1991లో ఆ పద్ధతి మాని, మార్గాలను కూడా రైళ్లు నడిపే కంపెనీలకే అమ్మారు. పట్టా, బండి ఒకే యజమానివి. ఆ మార్గంలో సెకిగహారా దగ్గర మంచు రైలు అడుగున గడ్డకట్టి, ఊడిపడి, కంకర రాళ్లను ఎగరగొట్టేది. మంచు ఎగరకుండా అక్కడ నీళ్లు చిమ్మే గొట్టాలను ప్రభుత్వ రైల్వే కాలంలోనే అమర్చారు. బండికి తగిలిన దెబ్బకు మందు దారిలో ఉందని గ్రహించి, దారిని మార్చగలిగింది రెండూ ఒక చేతిలో ఉన్నందువల్లనే. స్పెయిన్‌లో 2021 నుంచి ఒకే మార్గం మీద వేర్వేరు సంస్థలు పోటీగా బళ్లు నడుపుతుండడంతో టిక్కెట్ల ధరలు తగ్గాయి. అది ప్రయాణికులకు మేలే. కానీ ఇంతకుముందు అంత వేగం అనుభవమే లేని కొత్త మార్గానికి నేను ఆ పద్ధతిని కోరను.

మన తీరానికి మన తీరం కష్టాలున్నాయి. సముద్రపు ఉప్పుగాలికి పట్టా అడుగు తుప్పు పడుతుంది. రోహిణి ఎండకు ఇనుము సాగుతుంది. ప్రకాశం జిల్లా నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు పడుగుపాడు దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి, పెద్ద లైనే ఆగిపోయింది. ఈ నేలకు ఏ ఋతువులో ఏమవుతుందో పరాయి దేశపు పుస్తకం చెప్పదు. ఏళ్ల తరబడి ఒకే చోట పనిచేసినవారు చెబుతారు. ఐదేళ్లకొకసారి కాంట్రాక్టు మారితే ఆ మనుషులూ మారిపోతారు, వారికి తెలిసినదీ వారితోనే పోతుంది.

కాబట్టి నా అభిప్రాయం ఇది. మార్గం, బళ్లు, నియంత్రణ కేంద్రం ఒకే ప్రభుత్వ సంస్థ కింద ఉండాలి. మొదటి కొన్నేళ్లు సాంకేతికత ఇచ్చిన దేశంవారు పక్కనుండి నేర్పాలి. స్టేషన్ల శుభ్రత, భోజనం, టిక్కెట్ల అమ్మకం ఎవరికి ఇచ్చినా నాకు అభ్యంతరం లేదు. పట్టా తనిఖీని మాత్రం బయటివారికి ఇవ్వరాదు. యంత్రాలు అద్దెకు తెచ్చుకోవచ్చు, కానీ అవి ఇచ్చిన కొలతలను చదివి, ఈ రాత్రి ఈ చోట పని పూర్తి కాలేదు కనుక పొద్దున బండి నెమ్మదిగా పోవాలని సంతకం చేసే ఇంజినీరు ఆ సంస్థ మనిషే అయి ఉండాలి, ఆ సంతకాన్ని వాణిజ్య విభాగం కొట్టివేయలేని నిబంధన ఉండాలి.

గుజరాతులో వడోదర దగ్గర హైస్పీడు రైలు శిక్షణ సంస్థను నెలకొల్పారు. మన మార్గం వచ్చే నాటికి ఒంగోలు, కావలి, నెల్లూరు ఐటీఐలలో, పాలిటెక్నిక్‌లలో చదువుతున్న మీలాంటి వారికి అలాంటి శిక్షణ అందాలి. ఆవిరి ఇంజన్ల కాలంలో పెద్ద లోకో షెడ్డుతో కళకళలాడిన మా బిట్రగుంటలో రైల్వే స్థలం ఇంకా ఉంది. మార్గం ఈ వైపుగా వస్తే నిర్వహణ డిపో ఇక్కడ పెట్టమని మనం ఇప్పటి నుంచే అడగాలి. ఆ అర్జీని రాయడానికి మీరు వస్తే నేను కూర్చుని సాయం చేస్తాను.

ఇట్లు,
మీ తాత