శెనక్కాయల్లో ఉండేదే కదా అని...

మా మామకు అరవై రెండేళ్లు. కాపురం అనంతపురంలో, ఊళ్లో నాలుగెకరాల శెనక్కాయ చేను. పోయిన నెల రక్తపరీక్షలో చెడు కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్, 168 వచ్చింది. డాక్టరు స్టాటిన్ అనే కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర రాసిచ్చారు. మామ ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకుని, ఫోన్‌లో ఎవరో చెప్పారని నయాసిన్ డబ్బా తెప్పించుకున్నాడు. "అది మందప్పా, ఇది విటమిను. మన శెనక్కాయల్లో ఉండేదే" అన్నాడు.

ఉన్న మాట నిజమే. వంద గ్రాముల గింజల్లో సుమారు 12 మిల్లీగ్రాముల నయాసిన్ ఉంటుంది. మనిషికి రోజుకు కావలసింది అంతకంటే కొంచెం ఎక్కువ. అది చాలకపోతే పెల్లాగ్రా వస్తుంది: ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి, మతి తప్పుతుంది. దక్కన్‌లో జొన్న తప్ప మరో తిండి లేని పేదల్లో ఈ జబ్బు కనబడేది. దాని మీద పోషకాహార శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకాంతియా 1960లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. జొన్నరొట్టెలోకి శెనక్కాయల ఊరిమిండి నూరడం మొదలుపెట్టిన అవ్వ ఎవరో గానీ, పుణ్యం కట్టుకుంది.

అయితే కొలెస్ట్రాల్ తగ్గాలంటే రోజుకు 1,500 నుంచి 2,000 మిల్లీగ్రాములు పడాలి. శెనక్కాయల లెక్కలో పన్నెండున్నర నుంచి పదహారున్నర కేజీల దాకా. ఆ మోతాదులో అదీ మందే. మింగిన అరగంటకు మామ ముఖం, మెడ మిరపపొడి పూసినట్టు మండిపోయాయి. చర్మంలోని రక్తనాళాలు ఒక్కసారిగా విచ్చుకోవడం వల్ల అలా అవుతుంది.

నయాసిన్ కొలెస్ట్రాల్ తగ్గిస్తుందని 1955లోనే కెనడాలో కనిపెట్టారు. చెడు కొవ్వు తగ్గుతుంది, మంచిదనే హెచ్‌డీఎల్ పెరుగుతుంది. స్టాటిన్లు రాకముందు అమెరికాలో చేసిన ఒక పెద్ద పరిశోధనలో, ఒకసారి గుండెపోటు వచ్చినవాళ్లకు రెండోసారి రావడం దీనితో కొంత తగ్గింది కూడా. చిక్కు తర్వాత బయటపడింది. 25,673 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2014లో వచ్చాయి. స్టాటిన్ వాడుతున్నవాళ్లకే నయాసిన్ కలిపి ఇచ్చారు. రిపోర్టులో అంకెలు మెరుగుపడ్డాయి, గుండెపోట్లు మాత్రం తగ్గలేదు. పైగా కొత్తగా షుగరు, రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి.

స్టాటిన్ పుట్టింది బూజులోంచి. జపాన్‌లో అకిరా ఎండో 1970లలో వేల రకాల బూజుల్ని జల్లెడపట్టి దాన్ని పట్టుకున్నాడు. కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీకి కావలసిన ఒక ఎంజైమును అది ఆపుతుంది. సరుకు కరువైన కాలేయం రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లాగేసుకుంటుంది. 1994లో ప్రచురించిన పరీక్షలో, గుండెజబ్బు ఉన్న 4,444 మందిలో స్టాటిన్ తీసుకున్నవాళ్లకు మరణాలు 30 శాతం తగ్గాయి. ఇక్కడ అంకెతో పాటు మనుషులూ మిగిలారు. దీనితోనూ షుగరు ముప్పు కొద్దిగా పెరుగుతుంది, ఆ మాట దాచక్కర్లేదు. ఒళ్లునొప్పుల భయమైతే చాలావరకు పుకారే. ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లూ దాదాపు అంతే మంది నొప్పులని చెప్పారు.

"అయితే ముందు అన్ని టెస్టులూ చేయిద్దాం, టెన్షన్ పోతుంది" అన్నాడు మామ. నాకు మాత్రం ఈ 'అన్ని టెస్టులూ' అనే మాటంటేనే టెన్షన్. మామకు ఛాతీ నొప్పి లేదు, చేనంతా తిరిగినా ఆయాసం రాదు. ఈసీజీ గుండె కరెంటు తీరు చెబుతుంది. గుండె నాళాల్లో పూడిక ఉన్నా అది నార్మల్‌గా రావచ్చు. ఎకో గుండె పంపింగును, కవాటాలను చూపిస్తుంది, నాళాల లోపలి పూడికను కాదు. టీఎంటీ, అంటే ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ తీసే ఈసీజీ, ఛాతీ నొప్పి ఉన్నవాళ్లకు పనికొస్తుంది. ఏ బాధా లేనివాళ్లలో అది ఉత్తినే పాజిటివ్ అని తేలి, అక్కడి నుంచి యాంజియోగ్రామ్ దాకా నడిపించే అవకాశం ఎక్కువ. ఆపైన స్టెంటు మాట వస్తుంది. నిలకడగా ఉన్న జబ్బులో, మందుల కంటే స్టెంటు ఎక్కువ ప్రాణాలు కాపాడలేదని 5,179 మందితో చేసిన ఇస్కీమియా పరీక్షలో తేలింది. గుండెపోటు వచ్చి పడిపోయినవాడి సంగతి వేరు, అక్కడ నిమిషాలు లెక్క.

మామ అసలు ప్రశ్న ఒక్కటే: మాత్ర వేసుకోవాలా, వద్దా? దానికి దగ్గరగా జవాబు చెప్పేది సీటీ కాల్షియం స్కోరు. గుండె నాళాల గోడల్లో గట్టిపడిన కాల్షియాన్ని లెక్కిస్తుంది. స్కోరు సున్నా వస్తే కొన్నేళ్ల పాటు ముప్పు తక్కువని, డాక్టరుతో మాట్లాడి మాత్ర సంగతి వాయిదా వేసుకోవచ్చు.

మామ బెంగళూరులో కూతురింటికి పోయినప్పుడు చేయించుకున్నాడు. 140 వచ్చింది, మాత్ర వాయిదా వేసే అంకె కాదు. ఆ రాత్రే జేబులోంచి చీటీ తీశాడు. నయాసిన్ డబ్బా వాపసు తీసుకుంటారా అని మాత్రం ఇప్పటికీ నన్ను అడుగుతూనే ఉన్నాడు.